కోర్టులో లంచం అడిగితే ఏం చేయాలి? జడ్జీలను అడిగేవాళ్లెవరు? – తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఒక జిల్లా కోర్టులో లాయరుగా పని చేస్తున్నాను. ఇక్కడున్నవన్నీ క్లయింట్లు నన్ను అడిగిన ప్రశ్నలే. కొన్ని ఎదురుగా కూర్చుని ధైర్యంగా అడిగినవి. ఎక్కువ మాత్రం ఫైలు చంకలో పెట్టుకుని వెళ్లిపోతూ, గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి అడిగినవి. మీ లాయరుతో మాట్లాడేటప్పుడు పనికొస్తాయని కొన్ని చోట్ల సెక్షన్ నంబర్లు కూడా ఇచ్చాను.

"జడ్జి గారికి ఇవ్వాలి" అని ఒకాయన డబ్బు అడుగుతున్నాడు. అది నిజంగా జడ్జికి చేరుతుందా?

నేను చూసినంతలో చాలాసార్లు చేరదు. ఒక సంగతి చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక పెద్దావిడ మా ఆఫీసుకి వచ్చింది. కొడుకు దొంగతనం కేసులో సబ్‌జైల్లో ఉన్నాడు. కొంగు ముడి విప్పి నోట్లు టేబుల్ మీద పెట్టింది. చెమటకి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. "నలభై వేలున్నాయి సారూ. ముప్పై ముందే ఇచ్చాను. ఇంకో యాభై ఇస్తేనే జడ్జి గారు సంతకం పెడతారంట. ఓ పది తగ్గించమని మీరైనా చెప్పండి" అంది. చెవులు బోసిగా ఉన్నాయి. కమ్మలు అమ్మేసింది.

పిల్లాడిని ఏ రోజు రిమాండ్ చేశారో అడిగి లెక్కపెట్టాను. అరవై ఒక్క రోజులు. పోలీసులు ఇంకా చార్జిషీటు వేయలేదు. అలాంటి కేసులో 60 రోజుల్లోపు చార్జిషీటు పడకపోతే బెయిల్ అడిగి తీసుకోవడం ముద్దాయి హక్కు. పెద్ద శిక్షలుండే నేరాల్లో ఆ గడువు 90 రోజులు. క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టంలో ఉంది ఇది. అప్పట్లో సీఆర్‌పీసీ 167(2), ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 187(3). ఆ రోజే పిటిషన్ వేశాం, బెయిల్ వచ్చింది. ఆవిడ ముందిచ్చిన ముప్పై వేలు మాత్రం తిరిగి రాలేదు. అవి తీసుకున్నవాడు కోర్టు ఆవరణలో తిరిగే దళారీ. ఆ జడ్జి గారికి ఇలాంటి బేరం ఒకటి జరుగుతోందనే తెలియదు. కొడుక్కి హక్కుగా రావాల్సిన దాన్నే ఆ తల్లికి అమ్మారు. ఇన్నేళ్లయినా ఆ నోట్లు నా కళ్ల ముందు నుంచి పోలేదు.

దళారీలు చేసే మోసం ఇంకొకటి ఉంది. ఇద్దరు పార్టీల దగ్గరా తీసుకుంటారు. తీర్పు ఎటొచ్చినా గెలిచినవాడి డబ్బు ఉంచేసుకుని, ఓడినవాడికి "అవతలివాళ్లు ఎక్కువిచ్చారు" అని కొంత తిరిగిస్తారు. అలా తిరిగివ్వడం వల్ల నమ్మకం ఇంకా పెరుగుతుంది. జడ్జికి మాత్రం చెడ్డ పేరు మిగులుతుంది.

అంటే జడ్జీలు లంచం తీసుకోరనా మీరనేది?

అలా అనను. మన హైదరాబాద్‌లోనే జరిగింది. ఓబుళాపురం మైనింగ్ కేసులో గాలి జనార్దన రెడ్డిని సీబీఐ 2011 సెప్టెంబరులో అరెస్టు చేసింది. 2012 మే 11న సీబీఐ ప్రత్యేక కోర్టు ఆయనకి బెయిల్ ఇచ్చింది. ఆ బెయిల్ వెనక కోట్ల రూపాయల బేరం ఉందనే సమాచారం హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి దాకా వెళ్లింది. మే నెల తిరగకుండానే ఆ జడ్జిని హైకోర్టు సస్పెండ్ చేసింది. జూన్‌లో అవినీతి నిరోధక శాఖ, అంటే ఏసీబీ, ఆయన్ని అరెస్టు చేసింది. బ్యాంకు లాకర్లలో నోట్ల కట్టలు దొరికాయన్న వార్త చదివిన రోజు బార్ అసోసియేషన్ హాల్లో ఎవరికీ నోట మాట రాలేదు.

2018లో మళ్లీ హైదరాబాద్‌లోనే, డ్రగ్స్ కేసులో ఒక విద్యార్థికి బెయిల్ ఇవ్వడానికి ఏడున్నర లక్షలు తీసుకున్నారన్న ఆరోపణ మీద ఒక అదనపు సెషన్స్ జడ్జిని, ఆయనతో పాటు ఇద్దరు లాయర్లని ఏసీబీ అరెస్టు చేసింది. నా వృత్తిలోవాళ్లు అందులో ఉన్నారని రాయడానికి బాధగానే ఉంది, కానీ దాచిపెట్టలేను. లాయరు లేకుండా ఇలాంటి బేరం సాగడం చాలా అరుదు.

రెండింటిలోనూ ఒక విషయం గమనించండి. కింది కోర్టు జడ్జి మీద చర్య తీసుకునే అధికారం రాజ్యాంగం 235వ అధికరణం కింద హైకోర్టుకి ఉంది. హైకోర్టు తలుచుకుంటే వారాల్లో పని జరుగుతుంది.

డబ్బు అడిగింది ప్రభుత్వ ఉద్యోగి కాదు, బయటి మనిషి. అతని మీద కేసు నిలుస్తుందా?

నిలుస్తుంది. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణతో 7ఎ సెక్షన్ వచ్చింది. "నేను చెప్పి చేయిస్తాను" అంటూ ప్రభుత్వ ఉద్యోగిని ప్రభావితం చేయడానికి డబ్బు తీసుకున్నవాడు ఎవరైనా సరే మూడు నుంచి ఏడేళ్ల దాకా శిక్ష. చట్టం దృష్టిలో జడ్జి కూడా ప్రభుత్వ ఉద్యోగే. అడిగింది లాయరైతే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి కూడా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. సన్నదు, అంటే లాయరు లైసెన్సు, రద్దు చేసే అధికారం వాళ్లకి ఉంది.

ఇచ్చినవాడికి కూడా శిక్ష ఉంటుందట కదా?

ఉంది. ఇది చాలామందికి తెలియదు. 2018 సవరణ తర్వాత లంచం ఇవ్వడం కూడా దానంతట అదే నేరం. ఎనిమిదో సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అయితే మిమ్మల్ని బలవంతపెట్టి ఇప్పించుకుంటే, ఇచ్చిన ఏడు రోజుల్లోపు పోలీసులకో దర్యాప్తు సంస్థకో చెబితే మీ మీద కేసు ఉండదు. ముందే ఏసీబీకి చెప్పి, వాళ్లకి సాయంగా డబ్బు ఇచ్చినా నేరం కాదు.

ఈ ఏడు రోజుల లెక్క గుర్తుంచుకోండి. "చూద్దాం, పని అయ్యాక చెబుదాం" అని ఊరుకున్నవాళ్లు ఎనిమిదో రోజుకి బాధితుల నుంచి ముద్దాయిల కిందకి మారిపోతారు.

ఏసీబీకి ఫోన్ చేస్తే ఆ తర్వాత ఏం జరుగుతుంది? నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

టెన్షన్ సహజం. వరుసగా ఏం జరుగుతుందో తెలిస్తే కొంత తగ్గుతుంది.

1064కి ఫోన్ చేయండి, లేదా మీ జిల్లా ఏసీబీ ఆఫీసుకి నేరుగా వెళ్లండి. ఎవరు, ఏ పనికి, ఎంత అడిగారో రాసివ్వాలి. ఏసీబీ వాళ్లు వెంటనే దాడికి దిగరు. ముందు ఆ మనిషి గురించి ఆరా తీస్తారు, మీ ఫిర్యాదులో నిజముందో లేదో చూస్తారు. ఆ తర్వాతే కేసు కట్టి ట్రాప్ వేస్తారు, అంటే లంచం తీసుకుంటుండగా పట్టుకునేలా వల పన్నుతారు.

ట్రాప్ రోజున మీరు ఇవ్వబోయే నోట్ల నంబర్లన్నీ రాసుకుంటారు. వేరే ప్రభుత్వ శాఖలకు చెందిన ఇద్దరిని మధ్యవర్తులుగా, అంటే సాక్షులుగా, పిలుస్తారు. నోట్లకి ఫినాఫ్తలీన్ అనే తెల్ల పొడి రాస్తారు. అది కంటికి కనబడదు, వాసన రాదు. అవతలి మనిషి అడిగితేనే ఇవ్వండని మీకు ఒకటికి రెండుసార్లు చెబుతారు. మీ అంతట మీరు జేబులో కుక్కితే కేసు వీగిపోతుంది. ఇచ్చాక మీరు ముందు అనుకున్న సైగ చేస్తారు. తలకి కట్టిన తువ్వాలు తీయడమో, కళ్లజోడు తుడుచుకోవడమో. లోపలికి వచ్చిన అధికారులు ఆ మనిషి వేళ్లని సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లలో ముంచమంటారు. గాజు గ్లాసులో తేటగా ఉన్న నీళ్లు క్షణంలో గులాబీ రంగులోకి తిరుగుతాయి. ఆ నీళ్లని సీసాలో పోసి, సీలు వేసి, మధ్యవర్తుల చేత సంతకాలు చేయిస్తారు. విచారణలో ఆ సీసాని నా ముందున్న బల్ల మీద పెట్టడం చాలాసార్లు చూశాను. కేసు ఆలస్యమై ఒక్కోసారి రంగు వెలిసిపోయి ఉంటుంది. మధ్యవర్తుల నివేదిక, ఫోరెన్సిక్ రిపోర్టు సరిగా ఉంటే దానికి కంగారు పడక్కర్లేదు.

మీరు పెట్టిన డబ్బు మీకు తిరిగొస్తుంది. ఆగిన మీ పని గురించి కూడా ఏసీబీ అధికారులతో ఆ రోజే మాట్లాడండి.

ఒక్క హెచ్చరిక. ఎదురున్నది జడ్జి అయితే ఏసీబీ నేరుగా కేసు కట్టలేదు, హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అనుమతి కావాలి. దళారీ మీదా సిబ్బంది మీదా ఆ అడ్డంకి లేదు.

తర్వాత రాజీ పడమని ఒత్తిడి వస్తే?

వస్తుంది. బంధువుల్ని పంపుతారు, కులపెద్దల్ని పంపుతారు, "పిల్లలున్నవాడు, ఉద్యోగం పోతుంది" అని ఏడుస్తారు. ఏళ్లు గడిచాక ఫిర్యాది బోనెక్కి "నాకేం గుర్తులేదు" అనడం నేను చూసిందే. ఒకప్పుడు దాంతో కేసు దాదాపు కొట్టుకుపోయేది. 2022 డిసెంబరు 15న నీరజ్ దత్తా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఒక స్పష్టత ఇచ్చింది. ఫిర్యాది చనిపోయినా, మాట మార్చినా, లంచం అడిగారు, తీసుకున్నారు అన్న సంగతిని మిగతా సాక్ష్యాలతో, పరిస్థితులతో రుజువు చేయవచ్చు. కాబట్టి మీ ఒక్కరి నోరు మూయించినంత మాత్రాన కేసు పోదు. ఒత్తిడి చేసేవాళ్లకి ఈ మాట చెప్పండి.

కోర్టు సిబ్బంది అడిగే వందా, రెండొందలు మామూళ్ల సంగతేంటి?

వాయిదా తేదీ చెప్పడానికి, నకలు ఇవ్వడానికి, నోటీసు తీసుకెళ్లడానికి. చిన్న మొత్తమే కదా అని అందరూ ఇచ్చేస్తారు. కోర్టు అంటే డబ్బుతో నడిచేదన్న నమ్మకం జనంలో మొదట ఇక్కడే పడుతుంది. పై నుంచి కింద దాకా అంతే అనుకున్న మనిషికి, రేపు దళారీ వచ్చి లక్ష అడిగినా అనుమానం రాదు. అందుకే ఈ వంద రూపాయల్ని నేను తేలిగ్గా తీసుకోను.

వాయిదా తేదీ కోసం ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు. ప్రతి కేసుకీ సీఎన్‌ఆర్ అని 16 అక్షరాలు, అంకెలు కలిసిన నంబరుంటుంది. ఈ-కోర్ట్స్ సర్వీసెస్ యాప్‌లో దాన్ని కొడితే తర్వాతి వాయిదా ఎప్పుడో, కిందటి వాయిదాలో ఏం జరిగిందో కనిపిస్తుంది. ఆర్డర్లు ఎక్కిస్తే అవీ చదువుకోవచ్చు. మీ లాయరు దగ్గర మొదటిరోజే ఈ నంబరు అడిగి రాసుకోండి. నేను మా గుమస్తా చేత క్లయింటు ఫోన్‌లో యాప్ వేయించి చూపించాకే పంపిస్తాను.

నకలుకి దరఖాస్తు పెట్టాక స్టాంపులు ఎప్పుడు కట్టాలో, కాపీ ఎప్పుడు సిద్ధమైందో నోటీసు బోర్డులో వేస్తారు. చేతికొచ్చిన సర్టిఫైడ్ కాపీ మీద దరఖాస్తు తేదీ, స్టాంపులు అడిగిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ అన్నీ ఉంటాయి. ఎక్కడ ఆలస్యం చేశారో ఆ తేదీలే చెబుతాయి. జిల్లా జడ్జికి ఫిర్యాదు రాసేటప్పుడు అంతకంటే గట్టి ఆధారం అక్కర్లేదు.

జడ్జి మీదే అనుమానం ఉంటే ఎవరికి రాయాలి?

కింది కోర్టు జడ్జి అయితే హైకోర్టుకి. తెలంగాణ వాళ్లు హైదరాబాద్‌లోని హైకోర్టుకి, ఆంధ్రప్రదేశ్ వాళ్లు అమరావతి నేలపాడులోని హైకోర్టుకి, రిజిస్ట్రార్ విజిలెన్స్ పేరున రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. పేరు, అడ్రసు లేని ఆకాశరామన్న ఉత్తరాలు సాధారణంగా పక్కన పడతాయి. ఫిర్యాదుతో పాటు ప్రమాణపత్రం, అంటే అఫిడవిట్, సరిచూడదగ్గ ఆధారం ఉండాలి. ఇది జడ్జీలని కాపాడే ఎత్తు అని కొందరు కోప్పడతారు. నాకు అలా అనిపించదు. ఓడిపోయిన ప్రతివాడూ జడ్జి మీద ఉత్తరం రాయగలిగితే, నిజాయితీగా తీర్పు రాసే జడ్జి చేయి వణుకుతుంది.

ఆధారమంటే ఏమిటి? తేదీలు, ఫోన్ సంభాషణలు, మెసేజ్‌లు, డబ్బు బ్యాంకు నుంచి తీసిన వివరం, ఎవరి సమక్షంలో మాట్లాడారో వాళ్ల పేర్లు. "అందరూ అనుకుంటున్నారు" అన్న మాట ఒక్కటి కూడా రాయకండి.

అలా రాస్తే కోర్టు ధిక్కారం కింద నన్నే లోపలేస్తారేమో?

ఈ భయం వల్లే ఎన్నో నిజాలు బయటికి రావు. 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం ఆరో సెక్షన్ చదవండి. కింది కోర్టు జడ్జి గురించి మంచి ఉద్దేశంతో హైకోర్టుకి చెప్పుకున్నది ధిక్కారం కాదని అందులో స్పష్టంగా ఉంది. 2006లో 13వ సెక్షన్‌ని సవరించాక, చెప్పింది నిజమై, ప్రజల మేలు కోసం చెప్పినదైతే ఆ నిజాన్నే రక్షణగా చూపించుకునే వీలు కూడా వచ్చింది. కానీ అదే మాట పేరు పెట్టి ఫేస్‌బుక్‌లో రాసినా, వాట్సాప్ గ్రూపులో తిప్పినా ఆరో సెక్షన్ మిమ్మల్ని కాపాడదు. చెప్పాల్సిన చోట చెప్పండి.

తీర్పు నాకు వ్యతిరేకంగా వచ్చింది. లంచం తీసుకునే ఇచ్చారని మావాళ్లంతా అంటున్నారు.

ముందు తీర్పు మొత్తం చదవండి, తెలిసినవాళ్ల చేత చదివించుకోండి. తప్పు తీర్పుకి మందు అప్పీలు. అప్పీలు గడువు గడిచిపోతుంటే జడ్జిని తిట్టుకుంటూ కూర్చుని నష్టపోయినవాళ్లు నాకు తెలుసు. కేసు ఇంకా నడుస్తుండగానే నమ్మకం పోతే వేరే కోర్టుకి మార్చమని అడగవచ్చు. సివిల్ కేసుల్లో దానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) 24వ సెక్షన్ ఉంది.

హైకోర్టు, సుప్రీంకోర్టు జడ్జీలు తప్పు చేస్తే?

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

1991లో వీరాస్వామి కేసులో సుప్రీంకోర్టు ఈ జడ్జీలకి కూడా అవినీతి నిరోధక చట్టం వర్తిస్తుందని చెప్పింది. ఆ తీర్పులోనే, భారత ప్రధాన న్యాయమూర్తిని సంప్రదించకుండా వాళ్ల మీద క్రిమినల్ కేసు నమోదు చేయకూడదని షరతు పెట్టింది. ఉద్యోగం నుంచి తీసేయాలంటే పార్లమెంటు అభిశంసన ఒక్కటే దారి. లోక్‌సభలో వంద మంది లేదా రాజ్యసభలో యాభై మంది సంతకం చేయాలి, విచారణ కమిటీ తప్పు తేల్చాలి, రెండు సభల్లోనూ హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతుల మంది అనుకూలంగా ఉండాలి, ఆ సంఖ్య సభ మొత్తం సభ్యుల్లో సగానికి మించాలి కూడా.

1993లో జస్టిస్ వి. రామస్వామి మీద విచారణ కమిటీ తప్పులు తేల్చింది. లోక్‌సభలో 196 మంది తొలగించాలని ఓటేశారు, వ్యతిరేకంగా ఒక్కరూ వేయలేదు. అయినా తీర్మానం వీగిపోయింది, కాంగ్రెస్ సభ్యులు ఓటింగ్‌కి దూరంగా ఉండిపోయారు కాబట్టి. 2011లో జస్టిస్ సౌమిత్ర సేన్‌ని తొలగించాలని రాజ్యసభ 189–17 ఓట్లతో తీర్మానించింది. లోక్‌సభకి వెళ్లేలోపే ఆయన రాజీనామా చేశారు.

చండీగఢ్ కేసు ఇంకోలా నడిచింది. 2008 ఆగస్టులో ఒక హైకోర్టు జడ్జి ఇంటికి 15 లక్షలున్న సంచి వచ్చింది. ఆమె వెంటనే పోలీసులకి చెప్పారు. పేర్లు దగ్గరగా ఉండటంతో ఇంకో జడ్జికి వెళ్లాల్సింది పొరపాటున అక్కడికి వచ్చిందన్నది ఆరోపణ. ఆ రెండో జడ్జి, జస్టిస్ నిర్మల్ యాదవ్, నిర్దోషి అని కోర్టు తేల్చేసరికి 2025 మార్చి వచ్చింది. పదహారేళ్లు దాటింది! తప్పు జరిగి ఉంటే ప్రజలకి అన్యాయం, జరగకపోతే ఆమెకి అన్యాయం. రెండిట్లో ఏదైనా ఇంతకాలం పట్టకూడదు.

జస్టిస్ యశ్వంత్ వర్మ ఇంట్లో కాలిన నోట్ల వ్యవహారంలో ఏం జరిగింది?

ఆయన అప్పుడు ఢిల్లీ హైకోర్టు జడ్జి. 2025 మార్చి 14 రాత్రి ఢిల్లీలో ఆయన అధికారిక బంగళాలో అగ్నిప్రమాదం జరిగింది. మంటలార్పడానికి వెళ్లినవాళ్లకి కాలిపోతున్న నోట్ల కట్టలు కనిపించాయి. డబ్బు తనది కాదని ఆయన చెప్పారు. అప్పటి ప్రధాన న్యాయమూర్తి సంజీవ్ ఖన్నా ముగ్గురు జడ్జీల కమిటీ వేశారు, వీడియోతో సహా కాగితాలు సుప్రీంకోర్టు వెబ్‌సైట్‌లో పెట్టారు. ఇంత బాహాటంగా బయటపెట్టడం అంతకుముందు ఎరగనిది. ఆగస్టు 12న లోక్‌సభ స్పీకర్ అభిశంసన నోటీసుని స్వీకరించి విచారణ కమిటీ వేశారు.

దీన్ని మన రాష్ట్రానికి సంబంధించిన ఇంకో ఫిర్యాదు పక్కన పెట్టి చూడండి. 2020 అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి సుప్రీంకోర్టు జడ్జి ఎన్.వి. రమణ మీద ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాశారు. 2021 మార్చి 24న సుప్రీంకోర్టు చిన్న ప్రకటన ఇచ్చింది: అంతర్గత విధానంలో (అంటే జడ్జీల మీద ఫిర్యాదుని జడ్జీలే చూసే పద్ధతిలో) పరిశీలించి ఫిర్యాదు కొట్టేశాం, ఇవి గోప్యమైనవి కాబట్టి వివరాలు చెప్పం. ఆ ఫిర్యాదులో పస ఉందా లేదా అన్నది నేను మాట్లాడటం లేదు. కారణాలు చెప్పకపోవడం మాత్రం తప్పని నా గట్టి అభిప్రాయం. చెప్పి ఉంటే ఫిర్యాదు చేసినవాళ్లకి జవాబు దొరికేది, జడ్జి గారి మీద పడ్డ నీడ కూడా పోయేది. మా కోర్టులో ముప్పై వేల సివిల్ దావా కొట్టేసినా జడ్జి కారణాలు రాయాల్సిందే కదా.

లోక్‌పాల్‌కి ఫిర్యాదు చేయొచ్చా?

లోక్‌పాల్ అంటే పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ల అవినీతి మీద ఫిర్యాదులు చూసే జాతీయ సంస్థ. ప్రస్తుతానికి దాని మీద ఆశ పెట్టుకోకండి. హైకోర్టు జడ్జీలు తన పరిధిలోకి వస్తారని 2025 జనవరిలో లోక్‌పాల్ అంది. ఫిబ్రవరి 20న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు మీద స్టే ఇచ్చింది.

జడ్జీల ఆస్తుల వివరాలు మనం చూడొచ్చా?

సుప్రీంకోర్టు జడ్జీలవి చూడొచ్చు. 2025 ఏప్రిల్‌లో జడ్జీలందరూ కలిసి నిర్ణయం తీసుకున్నారు, మే 5న 21 మంది వివరాలు వెబ్‌సైట్‌లో పెట్టారు. అంతకుముందు 2019 నవంబరులోనే ప్రధాన న్యాయమూర్తి కార్యాలయం సమాచార హక్కు చట్టం కిందకి వస్తుందని తీర్పు వచ్చింది. జిల్లా జడ్జీలు ఆస్తుల లెక్క ఏటా హైకోర్టుకి ఇస్తారు కానీ జనానికి చూపరు. అవి కూడా బయట పెట్టాలని మాలాంటివాళ్లం కోరుతున్నాం.

తహశీల్దారు ఆఫీసులో పట్టుబడ్డ ఉద్యోగి మళ్లీ అదే కుర్చీలో కూర్చున్నాడు. అదెలా?

ట్రాప్‌లో పట్టుబడినా విచారణ మొదలవ్వాలంటే ఆయన శాఖ అనుమతివ్వాలి, అదే ప్రాసిక్యూషన్ శాంక్షన్. మూడు నెలల్లో తేల్చాలని, తప్పనిసరైతే ఇంకో నెల తీసుకోవచ్చని అవినీతి నిరోధక చట్టం 19వ సెక్షన్‌లో ఉంది. ఫైలు సెక్రటేరియట్‌లో కదలకపోతే ఈలోపు సస్పెన్షన్ ఎత్తేస్తారు, మనిషి తిరిగొస్తాడు. మీరు చేయగలిగింది ఉంది. ఆ శాఖకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఏసీబీ నుంచి శాంక్షన్ కోరుతూ ఫైలు ఏ తేదీన వచ్చింది, ఇప్పుడు ఎవరి బల్ల మీద ఉంది అని రెండే ప్రశ్నలు అడగండి. పది రూపాయల ఫీజు. అధికారి పేరుతో, తేదీతో అడిగిన ప్రశ్నకి జవాబు రాయాల్సి వచ్చినప్పుడు ఫైలు కదలడం నేను కళ్లారా చూశాను.

లాయరుని పెట్టుకునే స్తోమతే లేదు. మాలాంటివాళ్లు ఏం చేయాలి?

ప్రతి జిల్లా కోర్టు ఆవరణలోనూ న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుంటుంది. మహిళలకి, పిల్లలకి, ఎస్సీ, ఎస్టీలకి, దివ్యాంగులకి, జైల్లో ఉన్నవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు. మిగతావాళ్లలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంది. ఫోన్ నంబరు 15100. లాయరు ఫీజు, కోర్టు ఖర్చులు వాళ్లే చూసుకుంటారు. "ఖర్చులకి" అని అక్కడెవరైనా చేయి చాపితే ఆ సంస్థ కార్యదర్శి గది పక్కనే ఉంటుంది, ఆ కుర్చీలో ఉండేది కూడా జడ్జే, నేరుగా వెళ్లి చెప్పండి.

కమ్మలు అమ్ముకున్న ఆ పెద్దావిడ కొడుకు కేసు తర్వాత విచారణకి వచ్చినప్పుడు అక్కడికే పంపాను. ఆవిడకి మొదటి రోజే ఈ ఆఫీసు తలుపు చూపించినవాళ్లు ఒక్కరూ లేకపోయారు.